ఇండెక్స్ చెప్పిన అబద్ధం: చాట్ సర్వర్ అప్‌గ్రేడ్‌కు ముందు డేటాబేస్ శుభ్రం చేసిన ఒక కేసు

సంస్థ పేరు, ఊరు, రంగం ఈ కేసుకు అక్కర్లేదు కాబట్టి తీసేశాను. అంకెలు కూడా కొద్దిగా అటూ ఇటూ జరిపాను. సాంకేతిక విషయం మాత్రం జరిగింది జరిగినట్టే రాస్తున్నాను.

నేపథ్యం

కొన్ని వందల మంది రోజూ వాడే మ్యాట్రిక్స్ (వేర్వేరు సంస్థల సర్వర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే చాట్ పద్ధతి) చాట్ సర్వర్ అది. సాఫ్ట్‌వేర్ సినాప్స్, కింద డేటాబేస్ పోస్ట్‌గ్రెస్ 11. బయటి సర్వర్లతో కూడా కలిపి ఉంది, అంటే వేరే సంస్థల వాళ్లు ఉన్న రూమ్‌లు కూడా ఇందులోకి వచ్చి చేరతాయి. నాకు చెప్పిన పని చిన్నదే: సినాప్స్ బాగా పాతబడింది, కొత్త వెర్షన్‌కు మార్చాలి, ఒక రాత్రి చాలు.

ఒక రాత్రి చాలదని మొదటి రోజే తెలిసింది. పోస్ట్‌గ్రెస్ 11కు సపోర్ట్ 2023 నవంబర్‌తో ముగిసింది. అలా కాలం చెల్లిన పోస్ట్‌గ్రెస్ మీద కొత్త సినాప్స్ నడవదు. అంటే ముందు డేటాబేస్ మార్చాలి, ఆ తర్వాతే చాట్ సర్వర్. పైగా సినాప్స్ స్కీమా (డేటాబేస్‌లో టేబుల్స్ అమరిక) ఒక హద్దు దాటి ముందుకు వెళ్లాక పాత వెర్షన్ దాని మీద లేవడానికి ఒప్పుకోదు. వెనక్కి రావాలంటే బ్యాకప్ ఒక్కటే దారి. అందుకే అసలు సర్వర్ ముట్టుకోకుండా కాపీ మీద రిహార్సల్ చేద్దామన్నాను.

అక్కడి సిస్టమ్స్ చూసే ఆవిడ మాటల మధ్యలో కొన్ని ఫిర్యాదులు చెప్పారు. కొందరికి కొత్త చాట్‌లో మొదటి మెసేజ్ డీక్రిప్ట్ (గుప్త రూపం విప్పి చదవడం) కావడం లేదు. ఎప్పుడో చదివేసిన మెసేజ్‌కు మళ్లీ నోటిఫికేషన్ వస్తోంది. ఒక ఉద్యోగి ఓ రోజు లాగిన్ అయితే సెట్టింగ్స్ అన్నీ పోయి, కొత్త అకౌంట్‌లా కనిపించింది. పాత వెర్షన్ కదా, అప్‌గ్రేడ్ చేస్తే పోతాయని వాళ్ల అంచనా. నేనూ తలూపాను. ఆ మూడింటికీ మూలం ఒకటే అని అప్పుడు నాకు తట్టలేదు.

మొదటి రిహార్సల్

పాత డేటాబేస్ నుంచి డంప్ (డేటా మొత్తం ఫైల్‌గా రాసిన నకలు) తీసి, కొత్త మెషిన్‌లో పోస్ట్‌గ్రెస్ 15 మీద రీస్టోర్ చేసి, సినాప్స్‌ను అప్‌గ్రేడ్ చేశాను. లేచింది. స్కీమా మార్పులూ నడిచాయి. టెస్ట్ అకౌంట్‌తో ఒక మెసేజ్ పంపితే సర్వర్ ఎర్రర్ ఇచ్చింది. లాగ్‌లో ఉన్నదాని సారాంశం ఇది: 'ఆన్ కాన్‌ఫ్లిక్ట్' (అదే రో, అంటే టేబుల్‌లోని వరుస, ముందే ఉంటే ఏం చేయాలన్న ఆదేశం) అన్న చోట దానికి సరిపోయే యూనిక్ కన్‌స్ట్రెయింట్ (ఒకే గుర్తింపు విలువ, అంటే కీ, రెండుసార్లు రాకూడదన్న నియమం) ఏదీ లేదు.

ఆ కన్‌స్ట్రెయింట్ పాత డేటాబేస్‌లో ఉంది. కొత్తదాంట్లో ఎందుకు లేదు? రీస్టోర్ లాగ్ తెరిచి చివరి లైన్ చూశాను: రీస్టోర్‌లో పట్టించుకోకుండా వదిలేసిన ఎర్రర్లు 9. పీజీ రీస్టోర్‌కు ప్రత్యేకంగా చెప్పకపోతే ఎర్రర్ వచ్చినా ఆగదు, మిగతా పని చేసుకుంటూ పోయి చివర్లో లెక్క చెబుతుంది. నా స్క్రిప్ట్ ఆ లెక్కా చూడలేదు, ఎగ్జిట్ కోడూ చూడలేదు. పొరపాటు పూర్తిగా నాదే.

తొమ్మిది ఎర్రర్లూ ఒకే రకం. డేటా అంతా ఎక్కింది. ఆ తర్వాత యూనిక్ ఇండెక్స్ (రోలను త్వరగా వెతకడానికీ, కీ రెండోసారి రాకుండా ఆపడానికీ ఉండే వరస జాబితా) కట్టబోతే, ఒకే కీ రెండుసార్లు ఉందని పోస్ట్‌గ్రెస్ నిరాకరించింది. ఈవెంట్లు (రూమ్‌లోని మెసేజ్‌ల వంటివి), రిసీట్లు, బయటి సర్వర్ల డివైస్ జాబితాల క్యాష్, వన్‌టైమ్ కీలు, అకౌంట్ డేటా, చివరికి యూజర్ల టేబుల్ కూడా. పాత సర్వర్‌లో ఈ టేబుల్స్ అన్నిటి మీదా యూనిక్ ఇండెక్స్ ఉంది. అది ఉండగా డూప్లికేట్ ఎలా దూరింది?

డిస్కా, ఇంకేదైనా?

మొదట డిస్క్‌నే అనుమానించాం. పేజీ చెక్‌సమ్స్ (డేటా చెడిందా అని పట్టుకునే తనిఖీ అంకెలు) ఆన్ చేసి లేవు కాబట్టి పోస్ట్‌గ్రెస్ తనంతట తాను ఏమీ చెప్పలేదు. డిస్క్ రిపోర్ట్‌లు బాగానే ఉన్నాయి. డేటాబేస్ మొత్తం చదివే డంప్ ఎక్కడా తడబడకుండా పూర్తయింది. డిస్క్ చెడితే పాడయిన పేజీలో చెత్త కనిపిస్తుంది, చదవడం మధ్యలో ఆగిపోతుంది. ఇక్కడ ప్రతి రో చక్కగా, పూర్తిగా ఉంది. ఉండాల్సిన దానికంటే ఒకటి ఎక్కువ ఉంది, అంతే.

అప్పుడు సినాప్స్ కాన్ఫిగ్ ఫైల్ మళ్లీ మొదటి నుంచి చదివాను. డేటాబేస్ భాగంలో, ఎప్పుడో ఎవరో చేర్చిన ఒక లైన్ ఉంది: 'అలౌ అన్‌సేఫ్ లొకేల్' నిజం. లొకేల్ అంటే ఏ భాష నియమాలతో అక్షరాల వరస పెట్టాలన్న సెట్టింగ్. డేటాబేస్ సి లొకేల్‌లో లేకపోతే సినాప్స్ లేవనని మొరాయిస్తుంది. ఆ మొరాయింపును దాటడానికి పెట్టే సెట్టింగ్ అది. పొయ్యి దగ్గర పొగ అలారం మోగుతుంటే బ్యాటరీ తీసేసినట్టు.

సిస్టమ్స్ చూసే ఆవిడను ఒకే ప్రశ్న అడిగాను. "ఈ మెషిన్‌లో ఆపరేటింగ్ సిస్టమ్ ఎప్పుడైనా మార్చారా అండీ?"

"మార్చలేదండీ, అప్‌గ్రేడ్ చేశాం. డెబియన్ 9 నుంచి 10కి. డేటాబేస్ జోలికి మాత్రం పోలేదు."

డేటాబేస్ జోలికి పోకపోవడమే సమస్య. డెబియన్ 10తో జీలిబ్‌సీ (అక్షరాల వరసకు పోస్ట్‌గ్రెస్ ఆధారపడే సిస్టమ్ లైబ్రరీ) 2.28 వస్తుంది. అక్షరాల వరస నిర్ణయించే నియమాలు ఆ వెర్షన్‌లో భారీగా మారాయి. పరీక్ష చాలా సులువు. 1-1 అని ఒక లైన్, 11 అని ఇంకో లైన్ రాసి అమెరికన్ ఇంగ్లిష్ లొకేల్‌లో సార్ట్ చేయండి. పాత జీలిబ్‌సీలో 11 ముందొస్తుంది, కొత్తదాంట్లో 1-1 ముందొస్తుంది. హైఫన్ లాంటి గుర్తులను పాతది మొదటి పోలికలో లెక్కలోకి తీసుకునేది కాదు, కొత్తది తీసుకుంటుంది.

ఇండెక్స్ అంటే నిఘంటువు అనుకోండి. కొన్ని తెలుగు నిఘంటువుల్లో 'క్ష' తో మొదలయ్యే మాటలు 'క' గుణింతం వెనకే ఉంటాయి. అక్షరమాల చార్టులో మాత్రం 'క్ష' చివర్లో ఉంటుంది. మొదటి పద్ధతిలో అచ్చయిన నిఘంటువును, రెండో పద్ధతి మాత్రమే తెలిసిన మనిషి చేతికిచ్చి 'క్షమ' వెతకమంటే నేరుగా చివరి పేజీలకు వెళ్తాడు. లేదంటాడు. కొత్త మాట అనుకుని చివర్లో రాసేస్తాడు కూడా. పోస్ట్‌గ్రెస్ చేసింది అదే. పాత వరసలో కట్టిన ఇండెక్స్‌ను కొత్త వరసతో వెతికింది, దొరకలేదు, కాబట్టి యూనిక్ నియమం భంగం కాలేదనుకుని ఇంకో రో రాసింది.

మ్యాట్రిక్స్ డేటాలో ఇది మరీ ఎక్కువగా తగలడానికి కారణం ఉంది. మ్యాట్రిక్స్ రూమ్ వెర్షన్లలో నాలుగో దాని నుంచి ఈవెంట్ ఐడీ అంటే డాలర్ గుర్తు తర్వాత 43 అక్షరాల బేస్64 హ్యాష్ (ఈవెంట్ విషయం నుంచి లెక్కగట్టి అక్షరాల్లో రాసిన ముద్ర). అందులో హైఫన్, అండర్‌స్కోర్ విరివిగా వస్తాయి. వరస మారడానికి ఇంతకంటే అనువైన డేటా ఉండదు.

సున్నా అని వచ్చిన జవాబు

కారణం తెలిసింది కదా అని నేరుగా పాత సర్వర్ కాపీ మీద రీఇండెక్స్ (ఇండెక్స్‌ను మళ్లీ కట్టే ఆదేశం) కొట్టాను. మొదటి డూప్లికేట్ దగ్గరే ఆగిపోయింది. ఎర్రర్‌లో ఒక్క కీ మాత్రమే చూపిస్తుంది. దాన్ని తీసి మళ్లీ కొడితే ఇంకోటి. వందల్లో ఉంటే తెల్లారిపోతుంది.

అందుకని డూప్లికేట్లు వెతికే మామూలు క్వెరీ రాశాను. ఈవెంట్ ఐడీ వారీగా గుంపు కట్టి, ఒకటి కంటే ఎక్కువున్నవి చూపించు. జవాబు: సున్నా రోలు.

పాడైందని తెలిసిన టేబుల్‌లో సున్నా ఎలా? క్వెరీ ప్లాన్ (జవాబు ఎలా వెతుకుతుందో పోస్ట్‌గ్రెస్ చెప్పే వివరం) చూస్తే తెలిసింది. వరసగా కావాలి కాబట్టి పోస్ట్‌గ్రెస్ ఆ పాడయిన ఇండెక్స్‌నే మొదటి నుంచి చివరి దాకా చదువుతోంది. ఒకే కీ ఉన్న రెండు రోలు ఆ ఇండెక్స్‌లో పక్కపక్కన లేవు. పక్కపక్కన లేనివి ఒకే గుంపులోకి రావు. దొంగతనం జరిగిందా అని దొంగనే అడిగినట్టయింది. రిహార్సల్‌లో ఆ తొమ్మిది ఎర్రర్లు ముందే చూసి ఉండకపోతే ఈ సున్నా నమ్మేసేవాడిని.

ఆ సెషన్‌లో ఇండెక్స్ స్కాన్, ఇండెక్స్ ఓన్లీ స్కాన్, బిట్‌మ్యాప్ స్కాన్ మూడూ ఆపేసి మళ్లీ అడిగాను. ఇప్పుడు టేబుల్ మొత్తాన్ని నేరుగా చదవక తప్పదు. ఈవెంట్లలో 340 జంటలు, రిసీట్లలో వెయ్యికి పైగా, యూజర్లలో ఒకే ఒక్కటి. ఈవెంట్ల జంటల్లో రెండో రో అందుకున్న సమయం చూశాను. అన్నీ డెబియన్ అప్‌గ్రేడ్ రోజు తర్వాతివే, ముందుది ఒక్కటీ లేదు. కారణం మీద మిగిలిన సందేహం అక్కడితో పోయింది. ఈ పోలికలోనే ఒకసారి తప్పులో కాలేశాను. సినాప్స్ ఈవెంట్లలో సమయం మిల్లీసెకన్లలో ఉంటుంది, యూజర్ల టేబుల్‌లో సెకన్లలో ఉంటుంది. యూజర్ రో 1970 నాటిదని కాసేపు కంగారుపడ్డాను.

ఆమ్‌చెక్ ఎక్స్‌టెన్షన్ కూడా నడిపాను. ఏ ఇండెక్స్‌లో వరస తప్పిందో అది చెప్పింది. కానీ వరస తప్పడం వేరు, డూప్లికేట్ ఉండడం వేరు. వరస తప్పినా ఇంకా డూప్లికేట్ చేరని ఇండెక్సులు డజనుకు పైగా తేలాయి. వాటికి మళ్లీ కడితే చాలు, డేటా ముట్టుకోనక్కర్లేదు.

ఏది ఉంచాలి, ఏది తీయాలి

ఎక్కువ సమయం పట్టింది ఇక్కడే. జంటలో ఒకటి తీసేయండి అనడం తేలిక. ఏది? మొదట నా ఆలోచన మొద్దుగా ఉంది: సీటీఐడీ పెద్దగా ఉన్నది కొత్తది, దాన్ని తీసేద్దాం. సీటీఐడీ చెప్పేది రో డిస్క్ మీద ఎక్కడుందో, ఎప్పుడు రాశారో కాదు. వ్యాక్యూమ్ (పనికిరాని రోలను ఊడ్చే పని) ఖాళీ చేసిన పాత చోట్లోకి కొత్త రో వచ్చి కూర్చోవచ్చు. నాలుగు జంటలు చేత్తో చూస్తే ఒకదాంట్లో సరిగ్గా అదే జరిగింది. కాబట్టి అన్ని టేబుల్స్‌కూ ఒకే సూత్రం పెట్టడం మానేసి, ఒక్కో టేబుల్‌కూ ఒకే ప్రశ్న వేసుకున్నాను: తప్పు రో ఉంచితే ఎవరికి ఏమవుతుంది?

రిసీట్లకు జవాబు తేలిక. ఎవరు ఎక్కడి దాకా చదివారన్నదే రిసీట్. స్ట్రీమ్ ఐడీ (సినాప్స్ వరసగా ఇచ్చే నంబర్) పెద్దగా ఉన్నది ఉంచాం. తప్పు జరిగినా ఎవరికో రెండు మెసేజ్‌లు చదవనట్టు కనిపిస్తాయి, అంతే.

బయటి సర్వర్ల డివైస్ జాబితాలు కేవలం కాపీలు, అసలు వేరే సర్వర్‌లో ఉంటుంది. ఏది తాజాదో ఊహించే బదులు జంటలు రెండూ తీసేసి, ఆ యూజర్లను మళ్లీ తెచ్చుకోవాల్సిన జాబితా టేబుల్‌లో చేర్చాం. సినాప్స్ తనే అడిగి తెచ్చుకుంటుంది.

ఈవెంట్ల దగ్గర కొంచెం జాగ్రత్త కావాలి. కొత్త రూమ్ వెర్షన్లలో ఐడీ ఆ ఈవెంట్ హ్యాషే కాబట్టి ఐడీ ఒకటైతే అసలు విషయం కూడా ఒకటే. మొదటి రెండు రూమ్ వెర్షన్లలో మాత్రం ఐడీని పంపే సర్వర్ ఇష్టం వచ్చినట్టు పెడుతుంది, ఆ హామీ లేదు. అందుకే హామీ మీద ఆధారపడకుండా ప్రతి జంటలో జేసన్ (ఈవెంట్ పూర్తి విషయం రాసి ఉండే పాఠం) పక్కపక్కన పెట్టి పోల్చాం. అన్నీ సరిపోయాయి. డూప్లికేట్లు దాదాపు అన్నీ బయటి సర్వర్లున్న రూమ్‌లవే. ఒకే ఈవెంట్ బయటి నుంచి రెండు మూడు దారుల్లో రావడం మామూలే. ఇది ఇప్పటికే ఉందా అని సినాప్స్ చూసుకుంటుంది, ఇండెక్స్ లేదంటుంది, మళ్లీ రాస్తుంది. పాత మెసేజ్‌కు మళ్లీ నోటిఫికేషన్ రావడానికి కారణం ఇదే. స్ట్రీమ్ నంబర్ చిన్నగా ఉన్న రో ఉంచాం, ఎందుకంటే యాప్‌లు ఆ స్థానం దాటి ఎప్పుడో ముందుకు వచ్చేశాయి. ఈవెంట్ల వెంట వచ్చే ఇతర టేబుల్స్‌లోనూ అదే జంటను అనుసరించాం.

వన్‌టైమ్ కీల దగ్గర సగం రోజు కూర్చున్నాను. ఎవరైనా మీతో కొత్తగా ఎన్‌క్రిప్టెడ్ సంభాషణ మొదలుపెట్టాలంటే సర్వర్ మీ కీలలో ఒకటి తీసి ఇస్తుంది, ఇచ్చినదాన్ని చెరిపేస్తుంది. పేరులోనే ఉంది, ఒక్కసారికే. జంటలో ఒకటి ఇచ్చేసి చెరిపితే రెండోది మిగిలిపోతుంది. అది ఇంకొకరికి ఇస్తే, అందుకునే ఫోన్ ఆ కీ రహస్య భాగాన్ని అప్పటికే పారేసి ఉంటుంది. మొదటి మెసేజ్ డీక్రిప్ట్ కాకపోవడం అందుకే. ఇక్కడి అసలు ఇబ్బంది ఏమిటంటే, జోడు ఇప్పటికే ఖర్చయిపోయి ఒంటరిగా మిగిలిన కీని ఏ డూప్లికేట్ క్వెరీ పట్టుకోలేదు. చూడ్డానికి మంచి కీలాగే ఉంటుంది. కాబట్టి జంటలు తీస్తే సరిపోదు. స్థానిక యూజర్ల వన్‌టైమ్ కీలన్నీ తీసేయాలని నిర్ణయించాను. కీలు తగ్గాయని సింక్‌లో తెలిసిన వెంటనే యాప్‌లు కొత్తవి ఎక్కిస్తాయి. ఈలోపు ఎవరైనా అడిగితే ఫాల్‌బ్యాక్ కీ (వన్‌టైమ్ కీలు లేనప్పుడు ఇచ్చేది) ఉంది. మంచి కీలు పోగొట్టుకోవడం చిన్న నష్టం, చచ్చిన కీ ఇంకొకరికి అంటగట్టడం పెద్ద నష్టం.

ఇక మిగిలింది ఆ ఒక్క యూజర్. పేరులో హైఫన్ ఉంది. లాగిన్‌లో సినాప్స్‌కు ఆ పేరు దొరకక కొత్తగా రిజిస్టర్ చేసింది. పాత అకౌంట్ డేటా కూడా అదే కారణంతో కనిపించలేదు. సెట్టింగ్స్ పోయాయన్న ఉద్యోగి ఈవిడే. పాత రోలో అడ్మిన్ హక్కు ఉంది, కొత్త రోలో లేదు. పాతదాన్ని ఉంచితే చరిత్ర సరిగ్గా ఉంటుంది, కానీ ఒక హక్కు తిరిగొస్తుంది. దీన్ని ఎస్‌క్యూఎల్ (డేటాబేస్ క్వెరీల భాష) తేల్చలేదు కాబట్టి సిస్టమ్స్ చూసే ఆవిడకు ఫోన్ చేశాను.

"ఆవిడ అడ్మిన్ పని ఎప్పుడో వదిలేశారండీ. హక్కు తీసేయాలని ఎవరికీ గుర్తు రాలేదు."

పాత రో ఉంచి, అడ్మిన్ గుర్తు తీసేశాం. ఆ మాట సిస్టమ్స్ చూసే ఆవిడతో మెయిల్‌లో రాయించుకున్నాను.

తొలగించిన తీరు

కీ ఇచ్చి డిలీట్ చేస్తే పోస్ట్‌గ్రెస్ మళ్లీ అదే ఇండెక్స్ దగ్గరకు వెళ్తుంది. రెండింటిలో తనకు దొరికినదాన్ని తీసేస్తుంది, అది మనం ఉంచాలనుకున్నది కావచ్చు. కాబట్టి సీటీఐడీతోనే తీయాలి. ఏది పాతదో చెప్పడానికి పనికిరాని సీటీఐడీ, ఈ రోనే అని వేలు పెట్టి చూపడానికి మాత్రం సరిగ్గా సరిపోతుంది. ఒక షరతు: రో అప్‌డేట్ అయితే సీటీఐడీ మారిపోతుంది. నేను రెండు రోజుల ముందు కాపీ మీద తీసిన జాబితాను అసలు రాత్రి వాడబోయాను. స్క్రిప్ట్‌లో సీటీఐడీతో పాటు కీ కూడా సరిపోవాలని, తీసే రోల సంఖ్య ముందే లెక్కించిన సంఖ్యకు సమానం కాకపోతే ట్రాన్సాక్షన్ మొత్తం వెనక్కి పోవాలని రాసి ఉంచడం వల్ల బతికిపోయాం. మొదటి టేబుల్‌లోనే సంఖ్య తప్పింది, అంతా వెనక్కి వచ్చింది. సినాప్స్ ఆపి ఉండగానే జాబితా కొత్తగా తీసి మళ్లీ నడిపాం.

తీసే ప్రతి రోను ముందు వేరే స్కీమాలోకి (ఇక్కడ అర్థం, అదే డేటాబేస్‌లో విడి అరలోకి) కాపీ చేశాం. అంతకంటే ముందు డేటాబేస్ ఆపి, ఫైల్స్ ఉన్నవి ఉన్నట్టు ఒక కాపీ పక్కన పెట్టాం. డంప్‌లో ఇండెక్సుల నిర్వచనాలే ఉంటాయి, ఇండెక్సులు ఉండవు. రేపు ఏదైనా అనుమానం వస్తే పాడయిన ఇండెక్స్ కూడా సాక్ష్యమే.

పోస్ట్‌గ్రెస్ మార్చడానికి పీజీ అప్‌గ్రేడ్ వాడదామా అని ఒకరు అడిగారు, త్వరగా అవుతుంది కదా అని. అది ఇండెక్స్ ఫైల్స్‌ను కూడా అలాగే తీసుకెళ్తుంది. జబ్బును కూడా ప్యాక్ చేసి పంపినట్టే. డంప్, రీస్టోర్ మీదే నిలబడ్డాం. కొత్త డేటాబేస్ టెంప్లేట్0 (పోస్ట్‌గ్రెస్‌లోని ఖాళీ మూస) నుంచి, సి లొకేల్‌తో. సి లొకేల్ బైట్లను బైట్లుగానే పోలుస్తుంది, జీలిబ్‌సీ ఎన్నిసార్లు మారినా దానికి సంబంధం లేదు.

ఆ రాత్రి రీస్టోర్‌కు మొదటి ఎర్రర్‌కే ఆగిపొమ్మని చెప్పాం. ఒక్క ఎర్రరూ రాలేదు, ఆగలేదు. పాత, కొత్త డేటాబేస్‌లలో టేబుల్ వారీగా రోల లెక్క, కన్‌స్ట్రెయింట్ల లెక్క పోల్చాం. సీక్వెన్సులు (కొత్త రోలకు నంబర్లు ఇచ్చే లెక్కలు) తమ టేబుల్స్ కంటే వెనకబడలేదని చూశాం, వెనకబడితే సినాప్స్ లేవదు. అనలైజ్ (క్వెరీ ప్లాన్‌ల కోసం గణాంకాలు సేకరించే ఆదేశం) నడిపాం. కాన్ఫిగ్‌లో ఆ 'అన్‌సేఫ్' లైన్ తీసేసి ముందు పాత సినాప్స్‌నే లేపాం. రెండు మార్పులు ఒకేసారి చేస్తే ఏది విరిగిందో తెలియదు. రెండు రోజులు అలా నడిపి, బ్యాక్‌గ్రౌండ్ అప్‌డేట్లు మిగల్లేదని చూసుకుని, మూడో రాత్రి సినాప్స్ అప్‌గ్రేడ్ చేశాం. దానికి నిజంగానే ఒక గంట కూడా పట్టలేదు.

ఆ తర్వాత

డీక్రిప్ట్ ఫిర్యాదులు వారంలో ఆగిపోయాయి. అంతకుముందే చదవలేకపోయిన మెసేజ్‌లు మాత్రం చదవలేనివిగానే మిగిలాయి, వాటికి చేయగలిగింది లేదు. ఈ విషయం ముందే చెప్పి ఉండాల్సింది. చెప్పనందుకు మొదటి రెండు రోజులు 'ఇంకా సరి కాలేదు' అని టికెట్లు వచ్చి పడ్డాయి, అనవసరమైన టెన్షన్.

ఇప్పుడు ఇలాంటి పని వస్తే ధర చెప్పకముందే మూడు చూస్తాను: డేటాబేస్ లొకేల్ ఏమిటి, కాన్ఫిగ్‌లో ఆ అన్‌సేఫ్ లైన్ ఉందా, డేటా డైరెక్టరీని కదపకుండా కింద ఆపరేటింగ్ సిస్టమ్ గానీ కంటెయినర్ ఇమేజ్ (ప్రోగ్రామ్, దాని లైబ్రరీలు కలిపి కట్టిన మూట) గానీ ఎప్పుడైనా మారిందా. మూడోదాన్ని జనం మర్చిపోతారు. కంటెయినర్‌లో ఇమేజ్ ట్యాగ్ మారిస్తే జీలిబ్‌సీ కూడా మారవచ్చని చాలామందికి తట్టదు. డెబియన్ ఇమేజ్ నుంచి ఆల్పైన్‌కు మారితే లైబ్రరీయే వేరు, అక్కడ జీలిబ్‌సీ బదులు మసల్ ఉంటుంది. ఈ కేసు తర్వాత ఇంకో రెండు సర్వర్లలో ఆ లైన్ కనిపించింది. ఒకదాంట్లో డూప్లికేట్లు లేవు, రీఇండెక్స్‌తో పోయింది. రెండోదాంట్లో ఉన్నాయి, అక్కడ కూడా మొదటి క్వెరీ సున్నా అనే చెప్పింది.